దీపం నూనె తాగిన ఫ్యాను

ఒకప్పటి మా పక్కింటి అప్ప పోయిందని మొన్న పొద్దున్న ఫోనొచ్చింది. చేసింది ఆవిడ మరిదిగారి కోడలు. పాలవాడు తలుపు కొడితే పలకలేదట. కిటికీలోంచి చూస్తే కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే ఉందట. అంతా చెప్పి, చివర్లో గొంతు తగ్గించి, "పాపం, దగ్గర ఎవరూ లేకుండా పోయింది" అంది.

ఆ "పాపం" దగ్గర నాకు ఒళ్లు మండింది. వెళ్లేసరికి వీధంతా అదే మాట. పాపం ఒక్కర్తీ, పాపం దిక్కులేని బతుకు, పాపం ఎప్పుడో సబ్బవరం మరిది ఇంటికి వెళ్లిపోయి ఉంటే బాగుండేది. ఏడవడానికి వెళ్లినదాన్ని ఏడుపు పక్కన పెట్టి, "దిక్కులేక పోలేదండీ. తన ఇంట్లో, తన కుర్చీలో పోయింది. ఆవిడ కోరుకున్నదే అది" అన్నాను. చావింట్లో గొంతు పెంచానని నలుగురూ నావైపు అదోలా చూశారు. చూడనివ్వండి. ఆవిడ మీద జాలి పడే హక్కు ఎవరికీ లేదు. ఎందుకో చెప్తాను.

ఆవిడ నాకు చుట్టం కాదు. తొంభైల మొదట్లో పెళ్లయి, కృష్ణా జిల్లా నుంచి విశాఖ వచ్చి, మా ఆయన పోర్టు ఉద్యోగానికి దగ్గరని ఓ ఇంట్లో వాటా తీసుకున్నాం. పక్కన చిన్న పెంకుటిల్లు ఆవిడది. "అక్కా" అని పిలిస్తే, "అక్కేటి? మా వైపు అప్ప అంటారు. అప్పా అను" అని మొదటిరోజే దిద్దింది. భర్త పోర్టులో పనిచేస్తూ పోయాడు. పిల్లల్లేరు. వీధిలో అందరికీ జాకెట్లు కుట్టేది. మెడ లోతు విషయంలో మనం ఎంత చెప్పినా వినేది కాదు, తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. పోర్టు వైపు కిటికీ ఎప్పుడూ బార్లా తీసి ఉండేది. ఎర్రదుమ్ము వస్తోంది, మూసెయ్యప్పా అంటే, "దుమ్ము తుడుసుకుంతాను. గాలెక్కణ్నించి తెచ్చుకోను?" అనేది.

ఆ కిటికీ పక్కనే బల్ల మీద ఫ్యాను ఉండేది. నల్లటి ఇనప మొద్దు, ఇత్తడి రెక్కలు. ఎవరో పాత ఓడ సామాన్లు అమ్ముతుంటే ఆవిడ భర్త మోజుపడి తెచ్చాడట. ఎత్తాలంటే ఇద్దరు కావాలి. నేను వచ్చిన రెండు మూడేళ్లకి, ఓ ఎండాకాలం, అది గోల మొదలెట్టింది. మొదట గుర్రుగుర్రుమంది. తర్వాత బియ్యంలో రాళ్లు పోసి తిప్పినట్టు ఒకటే రొద. స్విచ్చి వేస్తే తనంతట తను తిరిగేది కాదు, రెక్కని వేలితో తొయ్యాలి. కాసేపటికి వెనక డిప్ప చెయ్యి పెట్టలేనంత కాలిపోయేది. గదంతా మాడు వాసన.

సరిగ్గా అప్పుడే సబ్బవరం నుంచి మరిదిగారు చూడటానికి వచ్చారు. మంచి మనిషి, వ్యవసాయం. ఆ వాసన చూసి హడలిపోయారు.

"వదినా, ఈ ఫేను ఎప్పుడో ఇల్లు కాల్సీస్తాది. ఒక్కర్తివీ పడుకుంటావు, ఏదైనా అయితే ఎవులు సూస్తారు? ఇల్లు అద్దెకిచ్చీసి మాతో వొచ్చీ."

"ఫేను గోల సేత్తంటే ఫేనుని బాగుసేయించాల గానీ, మనిసికి ఊరు మారుస్తారేటి?"

"బాగవ్వకపోతే?"

"బాగవ్వకపోతే నీ బండెక్కుతాను. బాగైతే మాత్రం మళ్లీ నా దగ్గర ఈ మాట ఎత్తకు."

ఆయన సరేనన్నారు. సింహాచలం చందనోత్సవానికి ఎలాగూ వస్తారు, దర్శనం చేసుకుని బండి మాట్లాడుకుని ఇటే వస్తానని చెప్పి వెళ్లారు. అంత మాట ఎందుకిచ్చావప్పా అంటే, "ఆళ్లు మంచోళ్లే సెల్లీ. అన్నం పెడతారు, బాగా సూసుకుంతారు. గానీ అక్కడ రాత్రి తలుపు ఎప్పుడెయ్యాలో కూడా ఒకర్ని అడగాల. ఇక్కడ నాను ఏసుకుంతాను, నాను తీసుకుంతాను" అంది. మా ఆయనతో చెబితే, "వెళ్తే నాలుగు రోజులకి అలవాటవుతుందిలే" అన్నాడు. ఆ పూట ఇంట్లో కూర వండలేదు.

మర్నాడు పని మొదలెట్టాం. ఇద్దరికీ ఓనమాలు రావు. రెక్కలు వంకరపోయి జాలీకి తగులుతున్నాయేమో అని ఆవిడ అనుమానం. జాలీ విప్పి, రెక్కలు తీసేసి, ఉత్త మోటారుకి కరెంటిచ్చాం. అదే రొద. "అయితే రెక్కలది కాదు, లోపలిదే" అంది, ఏదో సాధించినదానిలా. ప్లగ్గు పీకి, రెక్కలు తొడిగే కడ్డీని చేత్తో తిప్పితే ముదురుపాకంలో గరిటె తిప్పినట్టు బిగుసుకుపోయింది. ఇంకేముంది, నూనె తక్కువైందని తేల్చేసి, ఇంత నూనె పోసింది. కాసేపు నెమ్మదించింది. "సూశావా" అని నావైపు తిరిగిందో లేదో, వెనకనుంచి సన్నగా పొగ.

నేను భయపడి అవతలికి దూకాను. ఆవిడ ప్లగ్గు పీకి, నడుం మీద చెయ్యేసుకుని ఆ ఫ్యానుతోనే మాట్లాడింది. "గోల సేసేదానికి లోపలెక్కడో నొప్పుంటాది. దాని నోరు మూయించడం కాదు, నొప్పెక్కడో సూడాల." తర్వాతి రోజుల్లో ఈ మాట మా అత్తగారి విషయంలోనూ, మా ఆయన విషయంలోనూ నాకు చాలాసార్లు పనికొచ్చింది.

రిక్షాలో ఒళ్లో పెట్టుకుని వైండింగ్ షాపుకి తీసుకెళ్లాం. ఎండాకాలం కదా, షాపు నిండా ఫ్యాన్లే. షాపతను చూసి, "ఈ ఇనుమెందుకమ్మా? తేలికైనవి, ప్లాస్టిక్‌వి వస్తున్నాయి, కొత్తది కొనుక్కో" అన్నాడు.

"నువ్వు బాగుసేసీవోడివా, అమ్మీవోడివా?"

అతను నవ్వి, చందనోత్సవం అయ్యాక రమ్మన్నాడు. అయ్యాక బాగైతే అప్పకేం లాభం? "ఇక్కడే కూకుంతాను, నీ సెయ్యి కాళీ అయినప్పుడే సూడు" అని స్టూలు లాక్కుని కూర్చుంది. సంచీలోంచి జాకెట్టు తీసి హుక్సులు కుట్టడం మొదలెట్టింది. వచ్చినవాళ్లు ఆవిడే షాపు యజమానురాలనుకుని ఫ్యాన్లు, మిక్సీలు ఆవిడకే అప్పజెప్పారు. ఆవిడా ఊరుకోలేదు. "ఏటైంది దీనికి? ఎప్పట్నించి?" అని డాక్టరమ్మలా అడిగి, అతని బల్ల మీద వరసగా పేర్చింది. మధ్యాహ్నానికి అతను చేతులు జోడించాడు. "లేవండమ్మా తల్లీ, ముందు మీదే చూస్తాను, ఇంక పని తీసుకోకండి" అన్నాడు.

మోటారు తీగలకి బల్బు కలిపి చూస్తే వెలిగింది. కాయిల్ నిక్షేపంగా ఉందన్నాడు. కండెన్సర్ మార్చి చూశాడు, అదే గోల. అప్పుడు వెనక మూత విప్పి, నూనె పోసే చోట పుల్లతో గీకాడు. పుల్లకి లక్కలాంటిది, ఎర్రగా, జిగురుగా, సాగుతూ వచ్చింది. గాలి పోయే కన్నాలన్నీ దాంతోనే పూడిపోయి ఉన్నాయి.

"అమ్మా, ఇందులో ఏం నూనె పోశారు?"

ఆవిడ వంగి వాసన చూసింది. "దీపం నూనె" అంది.

మా విశాఖలో దసరాకి ఆయుధపూజ ఎలా చేస్తారో తెలియనివాళ్లకి చెప్పాలి. పోర్టులో క్రేను దగ్గర్నుంచి ఇంట్లో కత్తిపీట దాకా పసుపూ బొట్టూ పడని ఇనుముండదు. అప్ప తన కుట్టుమిషనుకి, కత్తెరకి, ఫ్యానుకి పూజ చేసేది. చేశాక, దీపం కొండెక్కిన తర్వాత ప్రమిదలో మిగిలిన నువ్వులనూనెని ఫ్యాను నూనెకన్నంలో పోసేది. ఆయన ఉన్నప్పట్నించీ ఏటా అంతే. ఆ నూనె లోపల ముదిరి, కిటికీలోంచి వచ్చిన పోర్టు దుమ్ముతో కలిసి, కడ్డీని పట్టేసింది. అది తిరగలేక తిరుగుతూ మొత్తుకుంటోంది, కాగిపోతోంది. మేం పొరపాటు తెలియక మళ్లీ అదే నూనె పోశాం.

నాకు ఒకటే అర్థం కాలేదు. కుట్టుమిషను పక్కనే మిషను నూనె సీసా ఉంటుంది కదా, అది పోస్తే సరిపోయేది కదా? అదే అడిగాను.

"మిషను నాది. దానికి మిషను నూనె సాలు" అంది. "ఫేను ఆయనది కదా సెల్లీ. అందుకని దేవుడి నూనె పోసినాను."

షాపులో ఎవరూ నవ్వలేదు. అతను, "కడిగితే పోతుందమ్మా, కంగారు పడకండి. ఓ పక్క కడ్డీ తిరిగే బుష్ అరిగింది, అది నేను కొత్తది వేస్తాను" అన్నాడు. కడగడం కూడా తనే చేస్తానన్నాడు గానీ ఆవిడ ఒప్పుకోలేదు. "ఇటివ్వు. నాను పోసిందే, నానే కడుగుతాను."

వరండాలో గోనె పరిచి, ముక్కముక్కా కిరసనాయిల్లో నానబెట్టి, పాత పళ్లబ్రష్షుతో తోమింది. ఎర్రటి మడ్డి దిగుతూనే ఉంది. నేను చింతపండుతో రెక్కలు తోమాను. వీధిలో వెళ్లేవాళ్లు, "ఏటప్పా, ఆ తుప్పుకి తలంటుతున్నావు?" అని వేళాకోళం చేస్తే, "నీకూ అంటుతాను, కూకో" అనేది. తడి, వాసన పూర్తిగా పోయేదాకా ఎండలో ఆరబెట్టి, అన్నీ మోసుకెళ్లి అతనిచేత కొత్త బుష్ వేయించి, బిగించి తెచ్చాం.

ఉత్సవం ముందురోజు పొద్దున్న బల్ల మీద పెట్టి బొట్టు పెట్టింది. చెయ్యి అలవాటుగా ప్రమిద దగ్గరికి వెళ్లింది. ఆగింది. ఆగి, మిషను నూనె సీసా అందుకుని, కన్నంలో చుక్క చుక్కగా వేసింది. "దేవుడికి దీపం నూనె, దీనికి మిషను నూనె. ఎవులది ఆళ్లకి." స్విచ్చి వేస్తే ఎవరూ తొయ్యకుండానే రెక్కలు కదిలాయి. ఆవిడ సంబరపడలేదు. జ్వరం చూసినట్టు మాటిమాటికీ వెనక డిప్ప మీద అరచెయ్యి పెట్టి చూసింది. సాయంత్రానికి గోరువెచ్చగా ఉంది, అంతే. ఎక్కడో చిన్న టిక్కుటిక్కు మాత్రం పోలేదు. మళ్లీ షాపుకి వెళ్దామా అన్నాను. "ఆ మాత్రం ఉండాల. బొత్తిగా నోరు నేకపోతే బతికుందో నేదో ఎలగ తెలుస్తాది?"

అలా నిలబెట్టుకున్న ఇంట్లో మొన్నటిదాకా, రెండు పుష్కరాలు దాటి, బతికింది. మధ్యలో మూడు నాలుగుసార్లు ఆ ఫ్యాను మొరాయించింది, ఆవిడ గోనె పరిచింది. తలుపు తనే వేసుకుంది, తనే తీసుకుంది. చివరిరోజు వేసుకున్న తలుపు తియ్యలేకపోయింది, అంతే తేడా. దానికి దిక్కులేనితనం అని పేరు పెడితే నేను ఊరుకోను. మొన్న ఆ ఇంట్లో "పాపం" అననిది మరిదిగారొక్కరే. ముసలాయన అయిపోయారు. గోడకి ఆనుకుని కూర్చుని, నన్ను చూసి, "మా వదిన మాటంటే మాటే" అన్నారు. అప్పుడు ఏడ్చాను.

ఆయనకీ నాకూ ఒకే రోజు గుర్తొచ్చి ఉంటుంది. చందనోత్సవం నాడు మధ్యాహ్నం, నుదుట గంధంతో, చెమటలు కారుతూ వ్యాను దిగారాయన. మంచం, మిషను కట్టడానికి తాళ్లు కూడా తెచ్చారు. లోపల ఫ్యాను తిరుగుతోంది. అప్ప దాచకుండా అంతా చెప్పింది, తప్పు తనదేనని కూడా. ఆయన ఒక పట్టాన వదల్లేదు.

"ఇవాళ తిరిగింది, రేపాగిపోతే?"

"రేపాగితే రేపు కడుగుతాను. ముందు అన్నం తిను."

మామిడికాయ పప్పు వేసి, ఫ్యాను ఎదురుగా పీట వేసింది. కొండ మీద క్యూలో నిలబడి నిలబడి అలిసిన మనిషి, తిని, ఐదు నిమిషాలు నడుం వాలుస్తానని చాప మీద పడి గుర్రు పెట్టారు. బయట వ్యాను డ్రైవరు హారన్ కొట్టాడు. ఆవిడ విసవిసా వెళ్లి, "హారన్ కొట్టకు బాబూ, నువ్వూ రా, తిను" అని అతన్నీ లోపలికి తెచ్చింది. అతనూ తిని, ఆ చాప మీదే ఓ మూల వాలాడు.

ఏమైందోనని నేను వెళ్లేసరికి ఎండలో వ్యాను ఖాళీగా నిలబడి ఉంది, తాళ్లు కిందకి వేలాడుతున్నాయి. అప్ప తన గడప మీద జారగిలబడి కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తోంది. నేను నోరు తెరవబోతే, పెదాల మీద వేలు పెట్టి లోపలికి చూపించింది.

"మెల్లిగా మాటాడు. సుట్టాలొచ్చినారు."