కాపలా పెట్టెకు ఒకవైపే ఊతం

అణువిద్యుత్ కేంద్రం గోడలు ఎంత మందంగా కడుతున్నారో పత్రికల్లో చదివి మురిసిపోయారు కదా, దాని గేటు దగ్గర నిలబడే కాపలావాడు తుపాను వస్తే ఎక్కడ తలదాచుకుంటాడని మీరు ఎవరినైనా అడిగారా? అడగలేదు. పత్రికలవాళ్లూ అడగలేదు. అందుకే నేను చూసిన సంగతి రాస్తున్నాను.

అరవయ్యో దశకం మొదట్లో నేను అనకాపల్లి పక్కన ఒక విద్యుత్ సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటర్‌ని. పెద్ద లైన్ల మీద వచ్చే కరెంటును ఊళ్లకు, మిల్లులకు సరిపడేలా తగ్గించి పంపే చోటు అది. నేను కూర్చునే కంట్రోల్ రూమ్‌కి రాతి గోడలు, కాంక్రీటు కప్పు. గేటు దగ్గర కాపలా ఉండే సన్యాసికి మాత్రం ఇనుప రేకుల పెట్టె. మనిషి నిలబడితే భుజాలు తగులుతాయి. దానికి పునాది లేదు, నేలమీద ఊరికే నిలబెట్టారు. కాపలావాడు కంట్రోల్ రూమ్ గడప తొక్కకూడదన్నది అక్కడి నిబంధన. యంత్రాలకు ప్రమాదమట.

ఆ కార్తీకంలో తుపాను హెచ్చరిక రాగానే మా ఇంజనీరుగారు రెండు ఏర్పాట్లు చేశారు. ట్రాన్స్‌ఫార్మర్లకు కుంకుమ పెట్టించారు. గాలి ఈశాన్యం నుంచి వస్తుందని, కాపలా పెట్టెకు నైరుతి పక్కన రెండు వెదురు గడలు ఊతంగా పాతించారు. రెండో వైపు ఎందుకు వద్దని అడిగితే, గాలి రెండు వైపుల నుంచీ వస్తుందా అని నవ్వారు.

పొద్దున్నే గాలి అందుకుంది. లైన్లు ఒక్కొక్కటే తెగాయి. నేను బ్రేకర్లు, అంటే కరెంటును తెగ్గొట్టే పెద్ద స్విచ్‌లు, అన్నీ తీసేసి, నిబంధనను పక్కన పెట్టి సన్యాసిని లోపలికి లాక్కొచ్చాను. లైన్‌మన్ రహీం తన పొడి లుంగీ ఇచ్చాడు. సన్యాసి ఒక మూల కూర్చుని, యంత్రాలకు తగలకుండా మోకాళ్లు దగ్గరికి ముడుచుకున్నాడు.

మధ్యాహ్నానికి గాలి ఒక్కసారిగా ఆగిపోయింది. ఎండ కూడా వచ్చింది. కాసేపట్లోనే ఇంజనీరుగారు జీపులో దిగి, గేటు దగ్గర కొబ్బరికాయ కొట్టి, అమ్మ శాంతించిందన్నారు. లోపల సన్యాసిని చూసి మండిపడ్డారు. తెగిపడిన రాగి తీగను దొంగలు ఎత్తుకుపోతారు, వెంటనే గేటు దగ్గరికి పొమ్మన్నారు.

నేను అడ్డుపడ్డాను. ఇది తుపాను కన్ను, చుట్టూ తిరిగే గాలి నడుమ ఉండే ఖాళీ, ఇది దాటగానే గాలి ఎదురు దిక్కు నుంచి కొడుతుంది అని చెప్పాను.

"నీ నాస్తికం మీటింగుల్లో చెప్పుకోవయ్యా. ఇది డ్యూటీ," అన్నారాయన.

జీపు వెళ్లిపోయింది. సన్యాసి తడి చొక్కా మళ్లీ తొడుక్కుంటున్నాడు. వెళ్లొద్దన్నాను.

"తవరు సెప్పిందే నిజమవనీండి బాబూ. గాలైతే వత్తాదో రాదో. ఆయన మాట ఇనకపోతే ఉజ్జోగం మాత్తరం ఈయేలే పోద్ది," అన్నాడు. గడప దగ్గర ఆగి నవ్వాడు. "తవరికి దేవుడు లేడు, నాకు పర్మనెంటు లేదు."

గాలి వచ్చింది. నైరుతి నుంచి వచ్చింది. వెదురు గడలు ఉన్న వైపు నుంచే వచ్చింది. ఊతం లేని వైపుకు పెట్టె మనిషితో సహా బోర్లాపడి, గేటు దాకా ఈడ్చుకుపోయింది. నేనూ రహీమూ పాక్కుంటూ వెళ్లి రేకు ఎత్తేసరికి, సన్యాసి ఎడమ కాలు దాని అంచు కింద నలిగిపోయి ఉంది. విశాఖలో మోకాలి కింద తీసేశారు.

విచారణకు పెద్ద అధికారి వచ్చాడు. సబ్‌స్టేషన్ చుట్టూ ఉన్న చెరకు తోటలను ఆయనకు చూపించాను. పొద్దున్న నైరుతికి వాలిన చెరకు మీద, మధ్యాహ్నం ఈశాన్యానికి విరిగిన చెరకు పడి ఉంది. రెండు గాలులకూ నేల మీదే సాక్ష్యం ఉంది. ఆయన చూశాడు, తల ఊపాడు, దైవఘటన అని తేల్చేశాడు. దేవుడి తప్పుకు మనుషులెవరూ బాధ్యులు కారు కదా! ఎంత సుఖమైన మతం!

వరండాలో నిలబడి విన్న సన్యాసి భార్య ఎర్నమ్మ ఒక్కమాటే అడిగింది.

"గాలి దేవుడిదే అనుకోండి బాబూ. ఆ పెట్టి ఎవులిదండీ?"

వారం తిరక్కుండా అదే చోట కొత్త పెట్టె నిలబెట్టారు. మళ్లీ పునాది లేకుండానే. ఒంటికాలివాడు కాపలాకు పనికిరాడని సన్యాసిని తీసేశారు. ఏ ఉద్యోగం పోతుందని అతను గాలిలోకి వెళ్లాడో, ఆ ఉద్యోగమే పోయింది.

ఈ కేసు నాకు నేర్పింది ఇది: మనం యంత్రానికి కాంక్రీటు పోస్తాం, మనిషికి కొబ్బరికాయ కొడతాం. సబ్‌స్టేషన్‌లో చేసిన పనే రేపు అణుకేంద్రంలోనూ చేస్తాం. ఎందుకంటే చేసేది మనమే.

అయ్యో పాపం అని ఈ పేజీ తిప్పేయకండి. రేపు పొద్దున మీ మిల్లు గేటుకో, మీ ఆఫీసు గేటుకో వెళ్లండి. అక్కడి కాపలా పెట్టె మీద చెయ్యి వేసి తోయండి. అది కదిలిందా, అక్కడి నుంచి తిన్నగా మీ అధికారి గదిలోకి నడవండి. ఆ పెట్టెకు పునాది పోసే దాకా, తుపానులో కాపలావాడికి గట్టి గది తలుపు తెరిచే దాకా, ఆ గదిలోంచి కదలకండి.