బియ్యంలో రాసిన పేరు

మాది వినుకొండ దగ్గర పల్లెటూరు. బాబు కడుపులో ఉండగా ఐదో నెలలో నాకు రక్తం పోతుంటే, పక్కింటి మస్తాన్ బాబాయ్ తన ఆటోలో గుంటూరు ఆసుపత్రికి చేర్చాడు. గండం గట్టెక్కాక మావారు ఆయన చేతులు పట్టుకుని, "ఎవరు పుట్టినా నీ పేరే పెడతాం బాబాయ్" అన్నారు.

"మస్తాన్ అంటే దేవుడి ధ్యాసలో ఒళ్ళు మరిచినోడమ్మా. ఆడపిల్లకైనా, మగపిల్లోడికైనా పెట్టుకోవచ్చు" అని బాబాయ్ మురిసిపోయాడు. మా వైపు అది హిందువులూ, ముస్లిములూ పెట్టుకునే పేరే. మావారి నాయనమ్మ కూడా మస్తానమ్మే.

బారసాల రోజు బాబాయ్ తెల్లచొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. బాబు నా ఒళ్ళో ఉన్నాడు. మావారు పళ్ళెంలోని బియ్యంలో ఉంగరంతో పేరు రాశారు. పంతులుగారు పైకి చదివారు, "హర్షిత్" అని.

చుట్టూ చూశాను. మా అత్తగారూ, ఆడపడుచూ చప్పట్లు కొడుతున్నారు. ఒక్కరి ముఖంలోనూ ఆశ్చర్యం లేదు. తెలియనిది నాకూ, బాబాయ్‌కే.

ఆయన లేచి వచ్చి బాబు తల నిమిరి, "పేరు బాగుందమ్మా" అన్నాడు.

"రేపు స్కూల్లో వీణ్ణి సాయిబని ఏడిపిస్తేనో?" అన్నారు మావారు తర్వాత, నా ముఖం చూడకుండా.

"మీ నాయనమ్మని ఎవరు ఏడిపించారండీ?" అన్నాను.

ఆ బియ్యంతోనే అత్తగారు పరమాన్నం వండారు. బాబాయ్ ఆకులో మెతుకు మిగల్చకుండా తిని వెళ్ళాడు.

బాబుకిప్పుడు మూడేళ్ళు. మావారు ఎవరి చేతులైనా పట్టుకుని మాటిస్తుంటే, నేను లేచి లోపలికి వెళ్ళిపోతాను.