మిర్యాలగూడ కళ్లంలో ఎండ, మా మేడ మీద ఎండ

మేడ మీద సోలార్ ప్యానెళ్లు పెట్టిద్దామంటే అమ్మ ఒప్పుకోలేదు. సూర్యాపేటలో ఎండకు కొదవేముందని ఎన్ని విధాల చెప్పినా వినలేదు. "మేడంతా అద్దాలు పరిస్తే నా మిరపకాయలు ఏడ ఎండాలె?" అంది. అసలు సంగతి మిరపకాయలు కాదని నాకు తెలుసు. వయసులో ఉన్నప్పుడు అమ్మ మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లు కళ్లంలో ఉడికిన వడ్లు ఎండబోసేది. ఆరబెట్టే మిషన్లు రాగానే ఆడకూలీలందరినీ ఒక్కసారే రావద్దన్నారు. అప్పట్నుంచి ఎండ ఉన్నచోటికి ఏ మిషన్ వస్తుందన్నా ఆమెకు గుబులే. ఆమె ఇష్టం లేకుండా పెట్టించడానికి నాకు మనసొప్పలేదు. కోదాడలో చిన్నమ్మ మేడ మీది ప్యానెళ్లు, అట్నుంచి ఆమె పాత మిల్లు ఒక్కసారి చూసొద్దాం రమ్మని బతిమాలి బయల్దేరదీశాను.

పొద్దున ఏడింటికి కోదాడ బస్సెక్కాం. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు డబ్బులు లేవు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. మునగాల దగ్గర పొలం గట్టున సోలార్ పంపు కనపడేసరికి, అమ్మ తన పెళ్లయిన కొత్తలో ఊళ్లో పెట్టిన సోలార్ వీధిదీపం కథ ఎత్తుకుంది. బ్యాటరీ పోయాక బాగుచేసే దిక్కులేక ఆ స్తంభానికి బర్రెను కట్టేసేవారట. కోదాడలో చిన్నమ్మ ఇంట్లో ఇడ్లీలు తిని మేడెక్కాం. వాళ్లకు ముందు నీళ్లు కాచే సోలార్ గొట్టాలొచ్చాయి, ఈమధ్యే కరెంటు ప్యానెళ్లు. "మనం వాడగా మిగిలింది లైనులోకి పోతుందక్కా, బిల్లులో తగ్గిస్తారు. భయమేం లేదు," అని చిన్నమ్మ నచ్చజెప్పింది. అమ్మ ప్యానెల్ కింద చెయ్యిపెట్టి చూసి, "సల్లగనే ఉంది," అని ఊరుకుంది.

హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ చేరేసరికి పదకొండు దాటింది. ఆటో అతను వందడిగి ఎనభైకి మిల్లు దగ్గర దింపాడు. గేటు దగ్గర సంగతి చెబితే లోపలికి పోనిచ్చారు. కళ్లం అలాగే ఉంది, వడ్లే లేవు. ఇప్పుడక్కడ లారీలు ఆపుతున్నారు. నేను చకచకా నడిచిపోయి వెనక్కి చూద్దును కదా, అమ్మ అంచున ఆగి చెప్పులు విప్పుతోంది. వడ్లున్న రోజుల్లో ఆ కళ్లంలోకి చెప్పులతో ఎవరూ అడుగుపెట్టేవారు కాదు.

"లారీలు తిరిగే జాగా అమ్మా. కాళ్లు కాలుతయ్."

"కాలనియ్యి," అంది.

ఆ ఖాళీ సిమెంటు మీద, ఒకప్పుడు కాళ్లతో వడ్లు తిరగేసినట్టే పాదాలు ఈడుస్తూ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. నాకు ఏడుపాగలేదు.

గోదాము స్లాబు మీద ప్యానెళ్లు కడుగుతున్న ఒకామె ఆ నడక చూసి గబగబా దిగొచ్చింది. సత్తెమ్మ. అమ్మతో కలిసి వడ్లు తిరగేసిన మనిషి. ఇద్దరూ చేతులు పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

"నిన్ను మల్ల పనికి పిలిసిండ్రా?" అని అమ్మ అడిగింది.

"పిలిసిండ్రక్కా. బాయిలర్ల ఊక కాలుతది గదా, బూడిదంత అద్దాల మీదనే పడ్తది. కడగకపోతే కరెంటు తక్కువైతది. గప్పుడు కింద వడ్లు తిప్పినం, ఇప్పుడు మీద అద్దాలు కడుగుతున్న. ఎండైతే మనల్ని ఇడిసిపెట్టలే."

అమ్మ పైకెక్కి, సత్తెమ్మ చేతిలో గుడ్డ తీసుకుని ఒక ప్యానెల్ తుడిచింది. తిరుగు బస్సులో సూర్యాపేట దగ్గర పడుతుండగా, "పెట్టియ్యి బిడ్డా. తుడిసేది మాత్రం నేనే. మిరపకాయలకు జరంత జాగ ఇడువు," అంది.

మిరపకాయలకు ఒక మూల వదిలి ప్యానెళ్లు పెట్టించాం. ఇన్నేళ్లూ అమ్మ పోగొట్టుకున్నది కూలిపని ఒక్కటే అనుకున్నాను. ఎండతో చేసే పనిలో తనకూ ఒక చెయ్యి ఉండాలన్నదే ఆమె కోరికని అక్కడికి వెళ్తేగానీ తెలియలేదు. మీరూ మిల్లు చూడాలనుకుంటే పదిలోపే వెళ్లండి, ఆ తర్వాత కళ్లం కాళ్లు పెట్టనివ్వదు. మా ప్యానెళ్లు చూడ్డానికి మాత్రం ఎప్పుడైనా రావచ్చు. చెప్పులు మేడ మెట్ల కింద, అమ్మ చెప్పుల పక్కనే విప్పాలి.