ముప్పై రోజుల గొంతు

అప్పీళ్ల ఆఫీసులో ఆమెది మూడో కిటికీ. అద్దానికి అరచేతి వెడల్పున గుండ్రటి కన్నం, దాని కింద కాగితాలు జారవిడిచే సందు. పంతొమ్మిదేళ్లుగా ఆ కన్నంలోంచే జనానికి సమాధానాలు చెబుతోంది. అందరూ కిటికీ మేడమ్ అంటారు. జీతాల పట్టీలో తప్ప అసలు పేరు ఎక్కడా వినపడదు.

అక్కడికి వచ్చేవాళ్లంతా ఎక్కడో ఒక ఉత్తర్వు దెబ్బ తిన్నవాళ్లు. ఉద్యోగం పోయినవాళ్లు, కొట్టు మూతపడినవాళ్లు, లైసెన్సు రద్దయినవాళ్లు. ఒట్టి చేతులతో ఎవరూ రారు, ఏదో ఒక నమ్మకం వెంటపెట్టుకుని వస్తారు. సంతకం పెట్టకుండా కవరు తిప్పి పంపితే ఉత్తర్వు చెల్లదని కొందరికి గట్టి నమ్మకం. అర్జీని ఫోటో తీసి ఎవరికో ఫోన్లో పంపి, "రెండు టిక్కులు పడ్డాయి కదండీ, మీవాళ్లు చూసేశారు" అని వాదించినవాళ్లూ ఉన్నారు. ఒక పెద్దాయన కవరును ఏడాదిపాటు బీరువాలో బట్టల కింద దాచి, భద్రంగా పట్టుకొచ్చాడు.

"చూసుకోండి, అంచు కూడా చిరగలేదు."

"చింపకపోయినా అందినట్టేనండీ."

"చదవందే నాకెలా అందుతుందమ్మా?"

చట్టంలో దానికి జవాబుంది. ఆయన ముఖం చూస్తూ అది చెప్పడం కష్టం.

అయినా చెప్పింది. అందరికీ చెప్పేది. ఒకసారి చెప్పింది పదిసార్లు చెప్పేది. ఒక్క అపోహ దగ్గర మాత్రం ఆమె తల వాలిపోయేది. ఎందుకంటే దాన్ని ఊరంతా పంచిపెట్టింది ఆమే.

ఆరేళ్ల కిందట ఆఫీసులో ఫోనెత్తే మనిషిని తీసేసి యంత్రం పెట్టారు. యంత్రానికి గొంతు కావాలి. అప్పటి పెద్దాఫీసరు ఆమెను స్టోరు గదిలో కూర్చోబెట్టి, తలుపులు వేయించి, ఒక కాగితం చేతికిచ్చాడు. పాత రిజిస్టర్ల దుమ్ముకు తుమ్ము వస్తుంటే ఆపుకుంటూ చదివింది. 'ఏ ఉత్తర్వు మీదనైనా, అందిన ముప్పై రోజుల్లోగా అప్పీలు దాఖలు చేసుకోవచ్చునండి.' కాగితంలో 'చేసుకోవచ్చును' అనే ఉంది. 'అండి' ఆమె కలిపింది. అలవాటు.

రెండేళ్లకు గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది. గొంతు మాత్రం గరుకు గోడ మీద గోరు గీసినట్టు మిగిలింది. మరుసటి ఏడు నిబంధన మారింది. కిందాఫీసుకైనా పైఆఫీసుకైనా ముప్పై రోజులు పోయి పదిహేను వచ్చాయి. గోడ మీద నోటీసు మార్చారు. ఫోన్లో గొంతు మారలేదు.

ఆమె మూడుసార్లు రాసిచ్చింది. మధ్యలో ఒక్క మాట మార్చడం కుదరదని, మొత్తం అదే గొంతుతో మళ్లీ చదివించాలని ఫోన్ల కాంట్రాక్టరు జవాబు పంపాడు. ఆ గొంతు ఇక ఎక్కడా లేదు. వేరే మనిషితో చదివించాలంటే కొత్త కాంట్రాక్టు కావాలి. ఫైలు పైకి వెళ్లింది. పైనే ఉంది.

ఇంట్లో భర్తకు అది నవ్వులాట. ఆయన గడియారాలు బాగుచేస్తాడు.

"ఇంట్లో ఉన్నది బొంగురు, ఆఫీసులో ఉన్నది కోయిల. నేను పెళ్లాడింది ఎవర్నో నాకే అనుమానంగా ఉందే."

"కోయిలనే తెచ్చుకోండి. వంట కూడా అదే చేసిపెడుతుంది."

లాండ్రీ ఆవిడ ఒక ఉదయం వచ్చింది. పెద్దాసుపత్రిలో దుప్పట్లు ఉతికే మనిషి. సోడాకు వేళ్ల చివర్లు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. పన్నెండు దుప్పట్లు లెక్క తగ్గాయని పనిలోంచి తీసేశారు.

"పోయినవాళ్ల మీద కప్పి పంపిన దుప్పట్లు అవి. ఏడుస్తా పోయేవాళ్లని ఆపి, మా దుప్పటి మాకిచ్చి పొండి అనడానికి నోరొస్తుందామ్మా? మీకైతే వస్తుందా?"

కిటికీ మేడమ్ ఉత్తర్వు అందిన తేదీ చూసింది. వేళ్ల మీద లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది.

"ఇవాళ్టికి ఇరవై రెండో రోజమ్మా. గడువు పదిహేనే."

"ముప్పై అన్నారుగా ఫోన్లో. రెండుసార్లు విన్నా. మా అన్నకి కూడా వినిపించా."

"అది పాతదమ్మా."

"ఇవాళ పొద్దున కూడా అదే అంది. ఇవాళ అన్న మాట పాతదెట్లా అవుద్ది?"

"గోడ మీద నోటీసు చూడండి."

"గోడ మీద ఎవరైనా ఏదైనా అంటిస్తారు. ఆ అమ్మ ఎంత మర్యాదగా చెప్పింది! నాలాంటిదాన్ని పట్టుకుని 'అండి' అంది."

కిటికీ మేడమ్ కన్నానికి దగ్గరగా వంగింది.

"ఆ గొంతు నాదేనమ్మా."

లాండ్రీ ఆవిడ ఆమెను ఎగాదిగా చూసింది. వెనక వరసలో ఎవరో, "అయితే మన సినిమా పాటలన్నీ నేనే పాడాను" అన్నాడు. వరసంతా నవ్వింది. లాండ్రీ ఆవిడ నవ్వలేదు.

ఆలస్యాన్ని మన్నించమని అర్జీ పెట్టుకోవచ్చు. తగిన కారణం చూపాలి, దానికి ఆధారం ఉండాలి. ఆ ఆధారం తనే అని కిటికీ మేడమ్‌కు తెలుసు. మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవకుండా కూర్చుని వాంగ్మూలం రాసింది. 'ఆ సందేశంలో గొంతు నాది. ఆఫీసు ఇచ్చిన కాగితం చూసే చదివాను. కాబట్టి తప్పు అర్జీదారుది కాదు.'

సూపరింటెండెంటు చదివి కళ్లద్దాలు తీశాడు.

"ఎందుకమ్మా నెత్తికెత్తుకుంటావు? జనానికి తప్పు చెప్పింది నేనేనని నువ్వే రాసిస్తున్నావు. రేపు నీ మీదే విచారణ పెడితే?"

"పెట్టనివ్వండి సార్."

"ఎవరావిడ? మీ చుట్టమా?"

"కాదు సార్. నా మాట నమ్మింది."

విచారణ గదిలో పొడవాటి బల్ల, ఆరు కుర్చీలు, కిర్రుమనే ఫ్యాను. నంబరు ఆఫీసుదే అయినా, అందులో మాటలు ఆఫీసు ఇచ్చినవేనని తేలాలన్నాడు కొత్త ఆఫీసరు. చదివించిన పెద్దాఫీసరు పోయి మూడేళ్లయింది. చదివిన కాగితం ఫైల్లో లేదు. ఆమె మూడుసార్లు రాసిచ్చిన ఫైలు పైనుంచి దిగనే లేదు. ఎవరు చదివారో తమ దగ్గర రాసుకోలేదని కాంట్రాక్టరు మనిషి చెప్పాడు. ఇక మిగిలింది గొంతు ఒక్కటే.

పరీక్షకు బట్టతల టెక్నీషియన్ లాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. అదే వాక్యం ఆమెతో చదివించాడు. 'ముప్పై' దగ్గర గొంతు పూడుకుపోయింది. నీళ్లు తాగి మళ్లీ చదివింది. మూడోసారి కూడా చదివింది. చివర 'అండి' మరిచిపోలేదు. తెర మీద రెండు గీతలు, ఒకటి నున్నగా పారుతూ, ఇంకొకటి రంపపు పళ్లలా.

"కలవలేదు సార్," అన్నాడు టెక్నీషియన్. తర్వాత ఆమె వైపు తిరిగి నెమ్మదిగా, "ఆపరేషన్ అయిందంటున్నారు, నేను నమ్ముతానమ్మా. ఇది నమ్మదు."

ఆమె ఆసుపత్రి కాగితాలు బల్ల మీద పరిచింది. ఆఫీసరు ఓపిగ్గానే చూశాడు.

"మీకు ఆపరేషన్ జరిగిందని ఇవి చెబుతున్నాయి. అంతకుముందు మీ గొంతు అదేనని చెప్పట్లేదు కదా."

బయటికొచ్చాక సూపరింటెండెంటు స్వయంగా టీ తెచ్చి ఇచ్చాడు. "బతికిపోయావు పో. మిషనే నిన్ను కాపాడింది." పక్క సీట్లవాళ్లు కూడా వచ్చి పలకరించారు. గండం గడిచిందన్నారు. ఆమె టీ చల్లారేదాకా గ్లాసు పట్టుకునే కూర్చుంది. ఇంటికెళ్లి చెబితే భర్త చేతిలో గడియారం కింద పెట్టాడు. ఈసారి కోయిల మాట ఎత్తలేదు.

వారానికి ఉత్తర్వు వచ్చింది. దాన్ని చేతికివ్వాల్సింది మూడో కిటికీయే. లాండ్రీ ఆవిడ చదివి చెప్పమంది. ఆమె చదివింది. ఫోన్ సందేశం ఈ ఆఫీసు ఇచ్చిందని రుజువు కాలేదు, ఆలస్యాన్ని మన్నించడానికి కారణం లేదు.

"అంటే?"

"ఒప్పుకోలేదమ్మా."

"ఆ ఫోన్లో అమ్మని పిలిపించారా?"

కిటికీ మేడమ్ అద్దం మీద తన ఊపిరి మచ్చ కట్టడం చూసింది.

"పిలిచారు. ఆ గొంతు తనదేనంటే నమ్మలేదు."

"ఆవిడ వచ్చుంటే నమ్మేవాళ్లు," అంది లాండ్రీ ఆవిడ. కోపంగా కాదు. వేరే ఎవరి గురించో చెబుతున్నట్టు.

"దీని మీద పైన ఇంకో ఆఫీసుంది. అక్కడా గడువు పదిహేను రోజులే. వినండమ్మా, పదిహేనే." ఉత్తర్వు వెనక చివరి తేదీ పెద్ద అంకెలతో రాసింది. కింద రెండు గీతలు గీసింది.

"మళ్లీ పదిహేనే అంటారు," అని గొణుక్కుంటూ ఆవిడ కాగితం తీసుకుంది.

బయట మెట్ల మీద ఆగి ఫోన్ తీసింది. నంబరు నొక్కి చెవికి ఆనించుకుంది. అద్దంలోంచి ఏమీ వినపడదు. వినపడక్కర్లేదు. ఎక్కడ ఊపిరి తీసుకుందో, ఎక్కడ తుమ్ము మింగిందో కిటికీ మేడమ్‌కు తెలుసు. లాండ్రీ ఆవిడ వింటూ తల ఊపింది. ముఖం కాస్త తేటపడింది. "అవునండి" అన్నట్టు పెదాలు కదిలాయి.

కిటికీ మేడమ్ లేచి అద్దం మీద దబదబా కొట్టింది. "అమ్మా, కాదు! అది కాదు!" అని అరిచింది. ఆ గొంతు కన్నం దాటి వరసలో మొదటి మనిషి దాకా కూడా సరిగ్గా చేరలేదు. చప్పుడుకు లాండ్రీ ఆవిడ తిరిగి చూసింది. వీడ్కోలు చెబుతోందనుకుని, మర్యాదకు చెయ్యి ఊపింది.

ఆ గదికి తలుపు వెనకవైపు. నడవా దాటి, మెట్లు దిగి, చుట్టూ తిరిగి రావాలి. ఆమె పరుగున వచ్చేసరికి వీధిలో బస్సు కదిలిపోతోంది. కిటికీలో తెల్లటి వేళ్లు కాగితాన్ని దుప్పటి మడత పెట్టినట్టు, అంచులు కలిపి, తీరిగ్గా మడత పెడుతున్నాయి.