రెండుసార్లు రాసిన పేరు

మా ఆఫీసులో ప్రింటర్‌ను ఇప్పుడు ఎవరూ పట్టించుకోరు. నిన్న మధ్యాహ్నం నేను ఇరవై రెండు పేజీలు ప్రింటు తీస్తుంటే పక్కవాళ్ళు వింతగా చూశారు. అప్పుడే బయటికొచ్చిన కాగితాల వెచ్చదనం చేతికి తగలగానే, నా ఎడమ బొటనవేలు దానంతటదే మొదటి వరుస మీదికి పోయింది. ఆ అలవాటు నాకు చేసింది మునిరత్నం గారు. ఆయన పోయి నాలుగేళ్ళయింది. పొట్టి మనిషి, గళ్ళ చొక్కా, జేబులో ఎప్పుడూ ఒక నల్ల పెన్ను. కె.ఆర్.పురం నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి బస్సులు మారి వచ్చి కూడా అందరికంటే ముందు సీట్లో ఉండేవారు. రిటైరయ్యే వయసులో కుర్రకారు మధ్య కూర్చుని, మేము తయారుచేసిన ఫైళ్ళలో తప్పులు వెతకడం ఆయన ఉద్యోగం. తప్పులు వెతికేవాడంటే ఎవరికి ఇష్టముంటుంది? నాకూ ఉండేది కాదు.

నేను హిందూపురం నుంచి కాంట్రాక్టు మీద వచ్చి మారతహళ్ళిలో పీజీ హాస్టల్లో ఉండేదాన్ని. ఎక్స్‌ఎంఎల్ అంటే కంప్యూటరు కోసం ఒక్కో వివరాన్నీ ట్యాగులనే గుర్తుల మధ్య పెట్టి రాసే పద్ధతి. దాని సర్టిఫికేషన్ పరీక్ష పాసైతేనే ఉద్యోగం పర్మనెంటు, లేకపోతే ఊరికి పోయి మా అన్న జిరాక్స్ షాపులో కూర్చోవడమే. మొదటిసారి తప్పాను. రెండో అవకాశమే చివరిది. తప్పింది కూడా ఒకే చోట: ఇచ్చిన డాక్యుమెంటు స్కీమాకు సరిపోతుందా లేదా అన్న ప్రశ్నల దగ్గర. స్కీమా అంటే నియమాల కాగితం. ఏ వివరం ముందు రావాలి, ఏది తప్పనిసరి, ఏది లేకపోయినా ఫరవాలేదు అన్నీ అందులో ఉంటాయి. ఆఫీసులో అయితే వ్యాలిడేటర్ అనే ప్రోగ్రాం ఉంది. ఒక్క బటను నొక్కితే సరిపోయిందని పచ్చగానో, లేదని ఎర్రగానో చూపిస్తుంది. పరీక్షలో ఆ బటను ఉండదు. నేను చదువంతా ఆ బటను మీదే చదివాను.

ఫలితం వచ్చిన రోజు క్యాంటీన్లో ముఖం మాడ్చుకుని కూర్చుంటే ఆయన టీ కప్పుతో వచ్చి ఎదురుగా కూర్చున్నారు.

"ఏం పాపా, యాడ తప్పినావు?"

చెప్పాను. ట్యాగులన్నీ సరిగ్గా తెరిచి మూసి ఉన్నాయి కదా అని అన్నిటికీ సరిపోతుందని టిక్కు పెట్టానన్నాను.

"అది సరే. పెండ్లి పత్రిక చూసినావా ఎప్పుడన్నా? మొదట దేవుడు, ఆమైన పిలిచేవాళ్ళు, ఆమైన పెండ్లికూతురు, పెండ్లికొడుకు, ముహూర్తం, పెండ్లి జరిగే చౌల్ట్రీ. అన్నీ ఉండాయి, కానీ చౌల్ట్రీ తెచ్చి దేవుని మీద పెడితే? అక్షరం తప్పు ల్యా. అయినా అది పత్రిక కాదు. నీ ఎక్స్‌ఎంఎల్ గూడా అంతే కదప్పా."

ఆయన వయసులో ఉన్నప్పుడు చిక్‌పేటలో పెళ్ళి పత్రికలు అచ్చువేసే ప్రెస్సులో ప్రూఫ్‌రీడరట. అక్కడ పద్ధతి ఏమిటంటే, ఒకరు అసలు కాగితం పైకి చదవాలి, ఇంకొకరు అచ్చయినదాన్ని వేలితో పట్టుకుని సరిచూడాలి. అదే పద్ధతి నాకు పెట్టారు. శనివారం మధ్యాహ్నాలు క్యాంటీన్లో స్కీమా ఎడమ పక్క, డాక్యుమెంటు కుడి పక్క. ఎడమ బొటనవేలు నియమం మీద, కుడి చూపుడువేలు వివరం మీద. ఆయన గట్టిగా "పేరు, తప్పనిసరి!" అనాలి, నేను "పేరు, ఉంది సార్!" అనాలి. వచ్చేపోయేవాళ్ళు నవ్వేవాళ్ళు. నాకు తల కొట్టేసినట్టుండేది. ఆయనకేం, "సల్ప గట్టిగా చెప్పు పాపా, వాళ్ళకూ వొస్తాది" అనేవారు.

పరీక్ష ఇంక వారముందనగా ఒక ఆసుపత్రి రోగుల వివరాల ఫైలు నా చేతికొచ్చింది. సాయంత్రానికి పంపాలి. నలభై మంది దగ్గర వ్యాలిడేటర్ ఎర్రగా చూపిస్తోంది. నంజమ్మ, మునెమ్మ, లక్ష్మక్క, అందరికీ ఒక్కటే పేరు. స్కీమా రాసినవాళ్ళు ఎక్కడివాళ్ళో, ఇంటిపేరు తప్పనిసరి అన్నారు. కోలారు పక్క ముసలమ్మకు ఇంటిపేరు ఎక్కడినుంచి తెస్తాను? పరీక్షకు దరఖాస్తు చేసినప్పుడు నాకూ ఇదే వచ్చింది. ఖాళీ వదిలితే వెబ్‌సైటు ముందుకు పోనివ్వలేదు, అందుకని సుజాత సుజాత అని నింపాను. ఇక్కడా అదే చేశాను. నంజమ్మ నంజమ్మ, మునెమ్మ మునెమ్మ. నలభై మందీ పది నిమిషాల్లో పచ్చబడ్డారు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మునిరత్నం గారు ఫైలు చూసి నా దగ్గరికొచ్చారు.

"ఎవురు పాపా ఈ నంజమ్మ నంజమ్మ?"

"వ్యాలిడ్ అయింది కదా సార్."

"అయింది. నిజమేనా? రేపు కౌంటర్లో కార్డు మీద పేరూ దీన్లో పేరూ కలవల్యా అని ఎనక్కి పంపిస్తే, ఆ యమ్మ యాడికి పోతాది?"

నాకు ఒళ్ళు మండింది. గాజు తలుపు అవతల మేనేజరు గడియారం చూసుకుంటున్నాడు. నా కాంట్రాక్టు అతని చేతిలో ఉంది. నోరు జారాను.

"మీకేం సార్, రేపో మాపో రిటైరయ్యేవాళ్ళు. నాకు ఉద్యోగం కావల్ల."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. నా వైపు చూడకుండానే చెప్పారు.

"ప్రెస్సుకు ఒకామె వొచ్చింది, బిడ్డ పెండ్లి పత్రికకు. పెండ్లికూతురు తండ్రి పేరు వొద్దు, ఆ వరస తీసేయండి అనె. అట్ల కుదరదమ్మా, తండ్రి పేరు లేకుండా పత్రిక ఉండదు అంటి నేను. పద్ధతి తెలిసినోణ్ణి కదా! ఆమె సల్ప సేపు నిలబడి ఏదో పేరు చెప్పె. అచ్చు వేస్తిమి. తీసకపోను వొచ్చినప్పుడు ప్రెస్సు మెట్ల మీదనే కూసొని, ఒక్కొక్క పత్రిక తీసి ఆ వరస మీద నల్ల ఇంకుతో గీత కొట్టె. అన్నిటికీ. నేను లోపలినుంచి చూస్తా ఉంటి. ఆ వరస ఖాళీగా వదిలుంటే నా సొమ్మేం పొయ్యేది పాపా?"

లేచి వెళ్ళి మేనేజరుతో మాట్లాడారు. గాజు తలుపు ఇవతల నుంచి మాటలు వినపడలేదు గానీ మేనేజరు చేతులు ఊపడం కనపడింది. మునిరత్నం గారు ఆలస్యం తన వల్లనే అని రాయించుకున్నారు. నా పేరు ఎక్కడా రానివ్వలేదు. ఆసుపత్రివాళ్ళకు ఆయనే ఫోన్ చేసి కన్నడంలో బతిమాలి చెప్పారు. మూడోరోజు స్కీమా మారి వచ్చింది. మారింది ఒక్క చిన్న నియమం: ఇంటిపేరు లేకపోయినా ఫరవాలేదు. నేను నలభై మందికీ రెండో పేరు తీసేశాను. ఆయనకు క్షమాపణ చెబుదామని రెండుసార్లు సీటు దాకా వెళ్ళాను. రెండుసార్లూ ఆయన "పరీక్షకు చదువుకోపో" అన్నారు.

పరీక్షలో ఆ ప్రశ్న రానే వచ్చింది. అన్ని వివరాలూ ఉన్నాయి, అన్ని ట్యాగులూ మూసి ఉన్నాయి. నాకు తెలియకుండానే రెండు చేతులూ తెర మీదికి పోయాయి. పెదవులు కూడా కదిలాయేమో, పర్యవేక్షకురాలు వచ్చి "స్క్రీన్ ముట్టుకోవద్దు మేడమ్" అంది. వేళ్ళు తీసి కళ్ళతోనే పట్టుకున్నాను. నాలుగోదీ అయిదోదీ తారుమారుగా ఉన్నాయి. సరిపోదు అని టిక్కు పెట్టాను. పాసయ్యాను, ఉద్యోగం నిలబడింది.

సర్టిఫికెట్ ప్రింటు తీసి పరిగెత్తుకుంటూ ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన బొటనవేలు పెట్టి పైనుంచి కింది దాకా చదివారు. సుజాత సుజాత దగ్గర ఆగి గట్టిగా నవ్వారు.

"ఇద్దరు పాసయినారా?"

తరవాత జేబులోని నల్ల పెన్ను తీసి నా ముందు పెట్టారు. "గీత కొడితే చెల్లదేమో సార్" అన్నాను భయంగా. "నీ ఇష్టం పాపా" అని పెన్ను మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. ఆ ఏడే రిటైరయ్యారు. నేను అన్న మాటకు క్షమాపణ ఇవాళ చెబుదాం రేపు చెబుదాం అనుకుంటూనే ఉన్నాను. చివరికి ఆయన పోయారన్న కబురే నన్ను కె.ఆర్.పురం తీసుకెళ్ళింది. ఆ సిగ్గు నాకు ఇంకా పోలేదు.

నిన్నటి ఇరవై రెండు పేజీలు ఒక బడి ప్రవేశాల దరఖాస్తులవి. వ్యాలిడేటర్ అంతా పచ్చగానే చూపించింది. పదిహేడో పేజీలో నా వేలు ఆగింది. తండ్రి పేరు దగ్గర ఒక తల్లి తన పేరే రెండోసారి రాసింది. స్కీమా రాసింది మా టీమే, సరేనని సంతకం పెట్టింది నేనే. "ఆ వరుసకు తప్పనిసరి అన్న నియమం తీసేయండి" అన్నాను టీమువాళ్ళతో. "ఫైలు వ్యాలిడే కదా మేడమ్, ఇప్పుడెందుకు?" అన్నారు. ఆలస్యం నా పేరు మీద రాయమన్నాను. ఆ తల్లికి నేనే ఫోన్ చేసి, ఆ వరుస ఖాళీగా వదలొచ్చమ్మా అని చెప్పాను. "నిజంగానా మేడమ్?" అందామె.

ఫోన్ పెట్టేసి, ఇన్నేళ్ళుగా నా సీటు పక్కన గోడకున్న సర్టిఫికెట్‌ను కిందికి దించాను. అద్దం తీశాను. నల్ల పెన్నుతో రెండో సుజాత మీద గీత కొట్టి, మళ్ళీ అక్కడే తగిలించాను.