కడ్డీ మీద తెల్ల టేపు

ఆ శుక్రవారం నేను దేవుణ్ణి పరీక్షకు పెట్టాను. అలా చేయకూడదని సండే స్కూల్ పిల్లలకి ఏళ్ల తరబడి చెబుతున్నదాన్ని నేనే. అయినా పెట్టాను. "మావారు ఇవాళ తన తుపాకిని పదిసార్లు తప్పు లేకుండా నింపితే, ఆయనకి ఏ జబ్బూ లేదని నమ్ముతాను ప్రభువా. ఇక నోరెత్తను." అమెరికాలో మేముండే ఆష్‌బర్న్ నుంచి, తుపాకులు కాల్చి గురి చూసుకునే షూటింగ్ రేంజ్‌కి గంటన్నర దారి. ఆ దారి పొడుగునా మనసులో ఇదే మాట.

ఆయన తుపాకి పాతకాలపు పద్ధతిది. మజిల్‌లోడర్ అంటారు. అన్నీ గొట్టం మూతిలోంచే వేయాలి. ముందు రెండు తుపాకిమందు బిళ్లలు, వాటి మీద తూటా, పొడుగాటి కడ్డీతో అడుగుదాకా కూరడం, చివర్లో వెనకవైపు మందు అంటించే ప్రైమర్ పెట్టడం. అప్పుడు ఒక్కసారి పేలుతుంది. మళ్లీ మొదటినుంచి. మాది తెనాలి పక్క. మా రెండిళ్లలోనూ ఎవరూ బొమ్మ తుపాకి తప్ప మరోటి పట్టుకున్నవాళ్లు కారు. ఈయనకి ఆఫీసులో ఒకాయన నేర్పాడు. మొదటి ఏడాది ఇంటికి తెచ్చిన జింక మాంసాన్ని నేను పసుపూ ఉప్పూ వేసి నాలుగుసార్లు కడిగి, భయం భయంగా వేపుడు చేశాను. ఆ తర్వాత మా తెలుగు క్రైస్తవ సహవాసంలో ప్రతి ఏడాదీ అందరం కలిసి తినే ప్రేమవిందుకి ఆ వేపుడు ఉండాల్సిందే. నిరుడు మాత్రం ఉత్తచేతులతో వచ్చారు. తూటాలు మంచివి కావన్నారు. ఈ ఏడాది కొత్తవి తెప్పించారు. వాటిని రేంజ్‌లో కాల్చి చూసుకుని, మర్నాడు శనివారం, జింకల వేట సీజన్ మొదటి రోజు, తెల్లారకముందే అడవికి వెళ్లాలి. ఒక్కరే. చెట్టుకి కట్టిన మంచె మీద, చుట్టుపక్కల మనిషి లేని చోట, ఆ తుపాకితో.

నా భయం వసంతకాలంలో మొదలైంది. ఒక ఆదివారం ఆరాధనలో ఆయన లేచి రొట్టె కోసం కృతజ్ఞతలు చెల్లించారు. రొట్టె అందరికీ అందింది. తర్వాత ద్రాక్షరసం పాత్ర కోసం మళ్లీ లేచారు. లేచి, మళ్లీ రొట్టె కోసమే ప్రార్థించారు. అవే మాటలు, అవే కన్నీళ్లు. అందరూ ఆమేన్ అన్నారు. బయటికొచ్చాక ఒక సహోదరి నా చెయ్యి పట్టుకుని, "అన్నయ్యగారు ఇవాళ ఎంత భారంగా ప్రార్థించారు వదినా," అంది. నేను తలూపాను. ఆ రాత్రి అన్నం దిగలేదు.

డాక్టర్ దగ్గరికి వెళదామంటే, "అరవై దాటాక ఎవరైనా మర్చిపోతారే. ప్రార్థన చెయ్యి," అనేవారు. చేశాను. ఉపవాసాలు ఉన్నాను. నిజం చెప్పాలంటే నేను స్వస్థత కూడా అడగలేదు. అసలు జబ్బే లేదని తేల్చమని అడిగాను.

"ఇన్నేళ్లలో ఎప్పుడూ రానిదానివి ఇవాళ ఎందుకే?" అన్నారు, కారు ఆపుతూ.

"ఎక్కడ తగులుతోందో బైనాక్యులర్‌లో చూసి చెబుతాను."

"ఫోనులో మెసేజ్ చదవడానికి రెండు కళ్లజోళ్లు మార్చేదానివి. వంద గజాల అవతల చిల్లు చూస్తావా?"

నవ్వారు. నేనెరిగిన నవ్వే. దాన్ని పట్టుకుని వేలాడాను.

గేటు దగ్గర రేంజ్ ఆఫీసర్, తెల్ల మీసాల పెద్దాయన, నాకు మొదటిసారని తెలిసి నియమాలు చెప్పాడు. చివరి నియమం చెప్పేటప్పుడు వేలు నావైపు చూపించాడు. "ప్రమాదం అనిపిస్తే కాల్పులు ఆపమని, 'సీజ్ ఫైర్' అని గట్టిగా అరవండి. ఇక్కడ ఎవరైనా అరవచ్చు. మీరైనా సరే, మేడమ్." సరేనన్నాను. మా సహవాసంలో ఆరాధనలో స్త్రీలు గొంతెత్తరు. ముప్ఫై ఏళ్లుగా నేనలాగే ఉన్నాను, ఇష్టంగానే ఉన్నాను. నేనెక్కడ అరుస్తానులే అనుకున్నాను.

మొదటి తూటా కూరాక ఆయన కడ్డీ మీదున్న పాత టేపు పీకేశారు. కొత్త తూటా కొంచెం పొడుగు కాబట్టి కొత్త గుర్తు కావాలట. తెల్ల టేపు పళ్లతో కొరికి, సరిగ్గా గొట్టం అంచు దగ్గర కడ్డీకి చుట్టారు. "ఇదిగో, ప్రతిసారీ టేపు ఇక్కడికే రావాలి. పైకి ఉందంటే లోపల ఏదో తేడా ఉన్నట్టు," అని నాకు పాఠం చెప్పారు.

ఒకటి. రెండు. పేలిన ప్రతిసారీ తెల్లటి పొగ, కుళ్లిన గుడ్డు వాసన. గుడ్డపీలికతో గొట్టం తుడవడం, బిళ్లలు, తూటా, కడ్డీ, ప్రైమర్. ఆయన చేతులు ఏ తడుములాటా లేకుండా వెళుతున్నాయి. మూడు. నాలుగు. కాగితం మీద చిల్లులు నా అరచేతిలో పట్టేంత దగ్గరగా పడుతున్నాయి. ఐదు. ఆరు. ఆరోది పేలాక నాకు దుఃఖం ఆగలేదు. సంతోషంతోనే. కళ్లు మూసుకుని స్తోత్రం చెప్పుకున్నాను.

ఆ కాసేపట్లోనే పక్క బల్ల దగ్గరి కుర్రవాడు కాని కుర్రవాడు, నలభై ఏళ్లుంటాయి, మావారిని పలకరించాడు. నా చెవుల్లో దూది ఉన్నా మాటలు వినిపిస్తున్నాయి.

"కొత్త తూటాలా? ఎలా ఉన్నాయి?"

"ముప్ఫై రెండేళ్లుగా కాపురం చేస్తున్న నా భార్య కంటే బాగా మాట వింటున్నాయి."

"అయితే వదులుకోకు."

"వేటిని?"

"తూటాల్ని!"

ఇద్దరూ నవ్వుకున్నారు. నేను కళ్లు తెరిచేసరికి ఆయన కడ్డీతో తూటాని కూరుతున్నారు. బలంగా నొక్కారు. మళ్లీ నొక్కారు. టేపు గొట్టం అంచుకి రాలేదు. అంగుళం పైనే ఆగిపోయింది. ఆయన దాన్ని చూశారు. చూసి, కడ్డీ లాగి పక్కన పెట్టి, జేబులోంచి ప్రైమర్ తీశారు.

ఎన్ని బిళ్లలు వేశారో నేను చూడలేదు. స్తోత్రం చెప్పుకుంటూ కూర్చున్నాను. మసి పేరుకుని తూటా బిగిసిందేమో. నా కళ్లే మోసం చేశాయేమో. అరిచి, ఏమీ లేకపోతే? ఆరుగురు మగవాళ్ల ముందు ఆయన తల ఎక్కడ పెట్టుకుంటారు? ప్రభువా, నువ్వే ఆపు అన్నాను. ఆయన తుపాకి చెంపకి ఆనించారు. ప్రభువు ఆపలేదు.

"సీజ్ ఫైర్!"

అది నా గొంతని నాకే తెలియలేదు. వరసలో కాలుస్తున్నవాళ్లంతా చేతులు వెనక్కి తీసుకుని నిలబడ్డారు. ఆయన తుపాకి బల్ల మీద పెట్టి నావైపు తిరిగారు. మొహం ఎర్రబడింది.

"ఏం చేస్తున్నావే నువ్వు?"

"టేపు పైకి ఉందండీ."

"ఉండదా మరి? కొత్త తూటా పొడుగు. పాత టేపే కదా ఉంది, నేనింకా మార్చలేదు."

"మార్చారండీ."

"ఎవరు?"

"మీరే. ఇందాక. పళ్లతో కొరికి."

ఆయన కడ్డీ చేతిలోకి తీసుకున్నారు. టేపుని బొటనవేలితో తడిమారు. కింద నేల మీద, ఉండచుట్టుకుపోయిన పాత టేపు ముక్క కనిపిస్తూనే ఉంది. దాన్ని చూశారు.

రేంజ్ ఆఫీసర్ వచ్చాడు. ముందు ప్రైమర్ తీయించాడు. గొట్టం వెనకాల బిరడా ఉంటుంది, దాన్ని విప్పించి, వెనకవైపు కొంచెం వంచమన్నాడు. ఒక బిళ్ల జారి బల్ల మీద పడింది. రెండోది. ఒక క్షణం ఏమీ లేదు. మూడోది పడింది. నాలుగోది పడింది. వేయాల్సినదానికి రెట్టింపు మందు. గొట్టమే పగిలిపోయేది, ఆయన చెంప పక్కన.

ఆఫీసర్ కేకలేస్తాడనుకున్నాను. ఆయన మావారి భుజం మీద చెయ్యి వేసి, "ఇవాళ్టికి చాలు సర్," అన్నాడు, ఎంతో మెల్లగా. ఆ మెల్లదనమే భరించలేకపోయాను. పక్క బల్లాయన తన టోపీ తీసి చేతిలో పట్టుకుని ఎటో చూస్తున్నాడు.

సామాను నేనే సర్దాను. కారు కూడా నేనే నడుపుతానన్నాను. ఆయన వాదించలేదు. అద్దాలు దించుకుని కూర్చున్నాం. చలిగాలి. నలుగురిలో పరువు తీశావని తిడతారని ఎదురు చూశాను. తిట్టినా బావుండును. నేను లోపల దేవుడితో పోట్లాడుతున్నాను. పది అడిగాను, ఆరు ఇచ్చావు. ఏడోది నేను చూడకుండా నా కళ్లు ఎందుకు మూయించావు? నన్ను ఏడిపించడానికా? ఆ మాటలు ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది గాని అన్నవి అన్నవే. ఆయన్ని నా చేతుల్లోంచి తీసుకుపోతున్నావు, నన్నే సాక్షిగా నిలబెడుతున్నావు అన్నాను.

కారు కదిలించకముందే క్లినిక్‌కి ఫోన్ చేశాను. ఆయన అడ్డుపడతారేమోనని చూశాను. పడలేదు. కారు స్పీకర్‌లో ఒక అమ్మాయి గొంతు వినిపించింది. పుట్టిన తేదీ అడిగింది, ఇన్సూరెన్స్ అడిగింది. తర్వాత, "ఈ మతిమరుపు ఎప్పటినుంచి గమనిస్తున్నారు?" అంది.

వసంతకాలం అని చెప్పబోయాను. రొట్టె, పాత్ర, ఆమేన్ అన్న గొంతులు, ఇవన్నీ ఇంగ్లీషులో ఆ అమ్మాయికి ఎలా చెప్పను?

"పోయిన నవంబరు," అన్నారు ఆయన.

నేను తిరిగి చూశాను. ఆయన ముందు అద్దంలోంచి పార్కింగ్ వైపు చూస్తున్నారు.

"నిరుడు నాలుగు జింకలు నా మంచె కిందనుంచే వెళ్లాయి," అన్నారు తెలుగులో. "తుపాకి నింపానో లేదో గుర్తు రాలేదు. మళ్లీ నింపుదామంటే, అప్పటికే నింపి ఉంటే? చీకటి పడేదాకా దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అప్పటి తూటాల్లో ఏ లోపమూ లేదే. అవి మంచివే."

"హలో?" అంది ఆ అమ్మాయి. "ఉన్నారా?"

"ఉన్నాం," అన్నాను. "ఏడాది అయిందని రాసుకోండి."