మూత తీసిన నైలాన్ సంచీ

బారిడీహ్‌లో మా పక్కింటి దాలమ్మకి దేవుడి దగ్గర పిసినారితనం లేదు. ఏది పెట్టినా నిండుగా, మూత తీసి పెట్టాల్సిందే. ఆ భక్తే ఒకసారి ఆమె కొంప ముంచబోయింది. ఆ కథ ఆవిడ నోటే నేను ఇప్పటికి చాలాసార్లు విన్నాను, విసుగు మాత్రం రాలేదు.

పక్కనే ఆదిత్యపూర్‌లో, సత్యప్రసాద్ అనే మన తెలుగువాడి చిన్న ప్లాస్టిక్ కార్ఖానాలో ఆమె పని. చాలా ఏళ్ళు బల్ల దగ్గర కూర్చుని, అచ్చులోంచి వచ్చిన వస్తువులకి అంచులు కోసేది. మెషీన్ నడిపే మగవాళ్ళని చూసి "ఆల్లకున్న సేతులు నాకు లేవేటి?" అని గొణిగేది. గొణిగి గొణిగి నేర్చేసుకుంది. పాలీప్రొపిలీన్ గింజలు కరిగించి బకెట్లు, కుర్చీలు, బ్యాటరీ డబ్బాలు తీసింది. ఇవన్నీ ముడిచమురు సంతానమేనని తెలిశాక మా ఇంటికొచ్చి, నీళ్ళ పైపు నుంచి నా పళ్ళ బ్రష్షు దాకా వేలుపెట్టి చూపిస్తూ "ఇదీ నూనే, అదీ నూనే" అని నన్ను ఊపిరి తీసుకోనివ్వలేదు.

అంతలో లారీల ఫ్యాక్టరీకి నైలాన్ క్లిప్పులు చేసే అవకాశం వచ్చింది. కొత్త మెషీన్ దిగింది. దాలమ్మని అక్క వరసతో పిలిచే సత్యప్రసాద్ తేల్చి చెప్పాడు.

"అప్పా, విశ్వకర్మ పూజ మర్నాడు ఆల్ల ఇన్‌స్పెక్టర్ వత్తాడు. శాంపిల్ పాసయితే ఈ మెషీన్ నీదే. లేదంటే మల్లీ బల్లకాడికే."

పూజనాడు మెషీన్లన్నీ ఆపి, తుడిచి, పూలు కట్టారు. కార్ఖానాలో ఉన్నది ఒక్క నైలాన్ గింజల సంచీ. దాలమ్మ దానికి పసుపు రాసి, బొట్టుపెట్టి, కత్తెరతో మూతి కోసి విగ్రహం ముందుంచింది. "మూతెట్టి నైవేద్యం ఎవులైనా ఎడతారేటి?" అంది. బయట ఒకటే వాన. పూజనాడు పెట్టింది కదపకూడదని సంచీని తెల్లారేదాకా అలాగే వదిలేశారు.

పాలీప్రొపిలీన్‌కి వానా ఎండా ఒకటే. నైలాన్ అలా కాదు, గాలిలో తేమని కూడా తాగేస్తుంది. సత్యప్రసాద్ ఆ సంగతి ముందే చెప్పాడు గానీ, దేవుడి ముందు దాలమ్మకి అది గుర్తు రాలేదు.

మర్నాడు పొద్దున్న గింజలకి కాసేపే డ్రైయర్‌లో వేడిగాలి పట్టించి మెషీన్‌లో పోసింది. కరిగిన నైలాన్ బయటికొచ్చే చోట చుయ్‌మని చప్పుడు. క్లిప్పుల మీద తెల్లటి చారలు. వంచితే పుటుక్కున విరిగాయి.

"ఏటయింది?" సత్యప్రసాద్ పరుగెత్తుకొచ్చాడు.

"నానే బాబూ. దేవుడి ముందు మూతి తెరిసి ఒగ్గేసినాను. తడి పీల్సేసింది."

అతను తల పట్టుకున్నాడు. ఇంకో సంచీ కలకత్తా నుంచి రావాలి. ఇన్‌స్పెక్టరేమో మధ్యాహ్నానికే దిగుతాడు.

దాలమ్మ ఏడవలేదు. మిగిలిన గింజలన్నీ డ్రైయర్‌లో పోసి పక్కనే నిలబడింది. ఇన్‌స్పెక్టర్ వచ్చాడు, టీ తాగాడు, గడియారం చూసుకున్నాడు, ఇంకో టీ తాగాడు.

"ఇంక గింజలు పొయ్యప్పా, పరువు పోతంది," సత్యప్రసాద్ గుసగుసలాడాడు.

"ఆరలేదు బాబూ. తడి వడియం నూనెలో ఏత్తామేటి? ఆయనకి సమోసాలు తెచ్చియ్యి."

అతనే వెళ్ళి తెచ్చాడు. యజమానిని సమోసాలకి పంపిన ఆపరేటర్ ఆదిత్యపూర్ మొత్తానికి మా దాలమ్మ ఒక్కతే అయ్యుంటుంది!

చివరికి మెషీన్ నడిచింది. చుయ్‌మనలేదు. క్లిప్పు నల్లగా నిగనిగలాడుతూ వచ్చింది. ఇన్‌స్పెక్టర్ దాన్ని వంచాడు, మెలిపెట్టాడు, నేల మీద పడేసి బూటుతో తొక్కాడు. కాలు తీయగానే క్లిప్పు మళ్ళీ తన ఆకారానికి వచ్చేసింది.

"బఢియా! పాస్ హై," అన్నాడు.

కార్ఖానా అంతా చప్పట్లు. ఆ సాయంత్రం మా వీధి మొదట్లోంచే దాలమ్మ కేక వినబడింది. కూతురు యోగిత గుమ్మంలోకి పరుగెత్తి "క్యా హువా, మమ్మీ?" అంది.

"మెషీన్ నాదే గుంటా! నాదే!"

నేను నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాను. ఆ సంతోషం అలాంటిది.

ఈ ఏడు విశ్వకర్మ పూజకి నన్నూ తీసుకెళ్ళింది. ఆమె మెషీన్‌కి అన్నిటికన్నా పెద్ద దండ. నైలాన్ సంచీ దేవుడి ముందే ఉంది, మూతి మాత్రం బిగించి కట్టేసి ఉంది. పూజారి సంచీ విప్పమంటూ "ఖోల్ దీజియే" అన్నాడు. దాలమ్మ అతని వైపు చూడనైనా చూడలేదు. విగ్రహానికే దణ్ణం పెట్టింది.

"సామీ, ఇది నా మెషీన్ తిండి. తమరు సూత్తే సాలు. మూత మాత్రం తియ్యను."